పుణెలో వ్యాన్, హైదరాబాద్‌లో కొనుగోలుదారు: పాత క్యాంపర్ కొనేముందు విప్పుకోవలసిన చిక్కుముడులు

అమ్మకానికి పెట్టిన పాత క్యాంపర్ వ్యాన్ ఫోటోలు చూస్తే కన్ను ముందు మంచం మీద, తరువాత వంటగట్టు మీద, ఆపైన కప్పు మీది సోలార్ పలకల మీద పడుతుంది. అమ్మేవారు ఫోటోలు పెట్టే వరుస కూడా దాదాపు అదే. నేనైతే ఆ ఫోటోలన్నీ పక్కన పెట్టి, ముందు ఆర్‌సీలోని (రిజిస్ట్రేషన్ పత్రంలోని) మూడు వివరాలు అడుగుతాను: వాహన తరగతి, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు. ఈ మూడూ వ్యాన్ లోపల కంటికి కనిపించేదానితో సరిపోలితే బేరం మొదలుపెట్టవచ్చు. సరిపోలకపోతే, ధర ఎంత తక్కువైనా అది మన రాష్ట్రంలో మన పేరు మీదికి ఎక్కడం కష్టం.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి బండ్లు అమ్మకానికి రావడం అరుదు. కాబట్టి వెతికేవారి చూపు బెంగళూరు, పుణె, కొచ్చి, ఢిల్లీ వైపు పోతుంది. దూరం వల్ల ఇబ్బంది బండిని కళ్లారా చూడలేకపోవడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. చూడటానికి ఒక రైలు టిక్కెట్టు చాలు. అసలు ఇబ్బంది రాష్ట్రం మారడంలో ఉంది. ఒక రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఎవరూ అడగని లోపం, బండి సరిహద్దు దాటి కొత్త రవాణా కార్యాలయం ముందు తనిఖీకి నిలబడిన రోజున బయటపడుతుంది. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది.

మన దేశంలో క్యాంపర్‌గా అమ్ముడయ్యే బండ్లలో ఎక్కువ భాగం పుట్టుకతో క్యాంపర్లు కావు. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్, చిన్నవైతే మారుతి ఓమ్ని, ఈకో వంటివాటిని ఎవరో ఒక షెడ్డులో మార్చి ఉంటారు. కొన్ని పాత ఆంబులెన్సులు. కొన్ని పర్యాటక సంస్థలు అద్దెకు తిప్పి వదిలించుకున్నవి. ఈ పుట్టుపూర్వోత్తరాలే ఆర్‌సీలో కనిపించాలి.

చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాగని క్యాంపర్లు నిషిద్ధం కావు. మోటార్ క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడుకోవడానికి చోటు, వంట ఏర్పాటు, సామాను పెట్టుకునే అరలు ఉండాలి. ఇవి బండికి గట్టిగా బిగించి ఉండాలి, బల్ల మాత్రం తీసి పెట్టుకునేదైనా ఫర్వాలేదు. ఈ దారిలో వచ్చిన బండికి పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థల ఆమోదం ఉంటుంది. ఆర్‌సీలో తరగతి దగ్గర ‘మోటార్ క్యారవాన్’ అనో ‘క్యాంపర్ వ్యాన్’ అనో రాసి ఉంటుంది. కేంద్ర ‘వాహన్’ డేటాబేస్‌లో ఈ తరగతులు విడిగా ఉన్నాయి.

షెడ్డులో మార్చిన బండి ఆర్‌సీలో మాత్రం తరచు ‘ఓమ్ని బస్’ (ఎక్కువమందిని ఎక్కించుకునే బండ్ల తరగతి) అనో, ‘ఆంబులెన్స్’ అనో, మామూలు కారు అనో ఉంటుంది. సీట్ల సంఖ్య 13 అని ఉంటుంది, లోపల చూస్తే నాలుగే సీట్లు, ఒక మంచం. ఇక్కడ అమ్మకందారులు చెప్పే మాట ఒకటే: ‘‘ఇన్నేళ్లు తిప్పాను, ఎవరూ ఆపలేదు.’’ అది నిజమే కావచ్చు. రోడ్డు మీద పోలీసు ఆపి సీట్లు లెక్కపెట్టడం అరుదు. ఆర్టీఓ కార్యాలయంలో తనిఖీ అధికారి మాత్రం లెక్కపెడతాడు. ఇన్సూరెన్స్ సర్వేయరు కూడా లెక్కపెడతాడు, అదీ ప్రమాదం జరిగిన తరువాత. ఆర్‌సీలో లేని వంటగది, లోపల గ్యాస్ సిలిండరు, మార్చిన వైరింగ్ ఉన్న బండి కాలిపోతే, కంపెనీ పరిహారం ఇవ్వనని వాదించడానికి అన్ని ఆధారాలూ దాని చేతిలోనే ఉంటాయి.

ఖాళీ బరువు సంగతి ఇంకా ఆసక్తికరం. మార్పులు నమోదయ్యాయా లేదా అన్నది అక్కడ దాచలేరు. 19 మిల్లీమీటర్ల మందం, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక ఒక్కటే సుమారు 35 కిలోలు ఉంటుంది. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ఇంట్లో వాడే పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్కొక్కటి 50 కిలోలు దాటుతుంది. అరలు, మంచం, ఫ్రిజ్, ఏసీ కలిపితే ఎక్కడికి పోతుందో ఊహించండి. కాబట్టి అమ్మేవారిని ఒక చిన్న పని అడగండి: బండిని దగ్గరలోని వేబ్రిడ్జికి (లారీలు తూచే కాటాకు) తీసుకెళ్లి, నీళ్ల ట్యాంకు నింపి, తూకం చీటీ ఫోటో పంపమనండి. వీలైతే వెనక ఇరుసు ఒక్కటే కాటా మీద ఉంచి ఇంకో చీటీ తీయించమనండి. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఆర్‌సీలోని ఖాళీ బరువు కంపెనీ నుంచి వచ్చిన ఉత్త వ్యాన్ బరువే అయి, చీటీలో అంతకు 500 కిలోలు ఎక్కువ కనిపిస్తే, లోపలి ఇల్లు ఏ కాగితంలోకీ ఎక్కలేదని అర్థం. తూకం గరిష్ఠ అనుమతి బరువుకు దగ్గరగా ఉంటే బ్రేకులు, కమాన్లు, టైర్లు ఇన్నాళ్లూ దేన్ని మోశాయో కూడా తెలుస్తుంది. నలుగురు ఎక్కి, బట్టలు, సరుకులు పెట్టుకున్నాక ఇంకెంత మిగులుతుందో లెక్క వేసుకోవడం ఆ తరువాతి పని.

పర్యాటక సంస్థల నుంచి వచ్చే బండ్లకు ఎక్కువగా పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. వీటిలో తరగతి చిక్కు తక్కువ, ఎందుకంటే అనుమతులు లేకుండా అద్దెకు తిప్పడం కష్టం. చిక్కంతా పర్మిట్, పన్ను, ఫిట్‌నెస్‌లలో ఉంటుంది. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పత్రం కావాలి. సొంత వాడకానికి మార్చుకోవాలంటే పర్మిట్ అప్పగించాలి, పన్ను తేడా కట్టాలి, రెండూ అమ్మేవారి రాష్ట్రంలోనే ముగించుకోవడం మేలు. ‘‘మీ దగ్గరికి వెళ్లాక మార్చుకోండి’’ అంటే నేను ఒప్పుకోను. డ్రైవింగ్ లైసెన్సు గురించి మాత్రం భయం అక్కర్లేదు: 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

పాత ఆంబులెన్సుల విషయంలో ఇంకో మెలిక. వాటికి పన్ను మినహాయింపు ఉండి ఉండవచ్చు. తరగతి మారగానే ఆ మినహాయింపు పోతుంది. చవకగా దొరికిన బండి పన్ను కట్టేసరికి చవక కాకుండా పోతుంది.

చవక అనగానే ఢిల్లీ గుర్తుకొస్తుంది. అక్కడి డీజిల్ బండ్ల ధరలు చూసి చాలామంది ఆశపడతారు. దానికి కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో విషయం మళ్లీ కోర్టు ముందుకు వచ్చి ఆదేశాలు మారుతూ వచ్చాయి. కొనేవారికి ముఖ్యమైన ప్రశ్న ఇది: బండి ఏ బీఎస్ (భారత్ స్టేజ్) కాలుష్య ప్రమాణానిది, దాని వయసెంత, మీ ఆర్టీఓ దాన్ని నమోదు చేసుకుంటుందా? బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బండి దేని కిందికి వస్తుందో తేల్చుకుని, ఆర్‌సీ నకలు పట్టుకుని మీ కార్యాలయానికి స్వయంగా వెళ్లి అడగండి. ఢిల్లీ దళారి ఫోనులో ఇచ్చే భరోసా మీ ఊరి కౌంటరు దగ్గర పనికిరాదు.

ఇప్పుడు ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం. బయటి రాష్ట్రం బండి కొనుగోలులో అందరినీ ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. పద్ధతి ఇలా ఉంటుంది. అమ్మేవారు ఫారం 28తో తమ ఆర్టీఓలో దానికి దరఖాస్తు చేస్తారు. ఆ ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసినది) ఉండాలి. బండి ఏ ఆర్టీఓ పరిధికి వెళుతుందో అందులో రాయాలి. పేరు తప్పుగా పడితే, ఉప్పల్‌కు బదులు ఖైరతాబాద్ అని ఉంటే, దిద్దించడానికి మళ్లీ వెనక్కి పంపాలి. ఆ దరఖాస్తు మీద 30 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే ఇచ్చినట్టే భావించాలని చట్టం 48వ సెక్షన్ అంటుంది. కానీ చేతిలో కాగితం లేకుండా కొత్త కార్యాలయంలో పని జరుగుతుందని ఆశించవద్దు. ఎన్‌ఓసీ వచ్చాక, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలతో, కొత్త నంబరు కోసం ఫారం 27తో కొనేవారు తమ ఆర్టీఓకు వెళతారు. బయటి రాష్ట్రానికి అమ్మితే, బదిలీని తెలియజేయడానికి అమ్మినవారికి 45 రోజులు, కొన్నవారికి 30 రోజుల గడువు ఉంది.

పెండింగ్ చలానాలు ఉంటే ఎన్‌ఓసీ ఆగుతుంది. బ్యాంకు అప్పు ఉంటే, అంటే ఆర్‌సీలో హైపోథికేషన్ నమోదై ఉంటే, బ్యాంకు పత్రంతో పాటు, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 కావాలి. దొంగ బండి కాదని తెలుసుకోవడానికి ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వెబ్‌సైట్‌లో నంబరు, చాసిస్ వివరాలతో చూసుకోవచ్చు. వాహన్‌లో నమోదైన ఫోను నంబరు నిజంగా యజమానిదేనా అన్నది కూడా ముందే అడగాలి. ఆన్‌లైన్ సేవల ఓటీపీ దానికే వస్తుంది. అది ఎప్పుడో మానేసిన నంబరో, దళారి నంబరో అయితే వారాలు వృథా అవుతాయి.

పన్నెండు నెలల గురించి ఒక అపోహ బలంగా ఉంది. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. దాన్నిబట్టి ఏడాది దాకా పన్ను కట్టనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. నంబరు మార్పు కేంద్ర చట్టం, పన్ను రాష్ట్ర చట్టం. పన్ను గడువు ఎప్పుడు మొదలవుతుందో రాష్ట్రం చెప్పాలి. అదీగాక ఇక్కడ మీరు బండిని కొన్నారు. యజమాని మారినప్పుడు 30 రోజుల గడువే వర్తిస్తుంది. లైఫ్ ట్యాక్స్‌ను బండి ధర, వయసు బట్టి లెక్క కడతారు. బేరం ఆడేముందే ఈ మొత్తం తెలుసుకుని ధరలో కలుపుకుంటే, ‘‘అక్కడ రెండు లక్షలు తక్కువ’’ అన్న మాటకు అసలు విలువ బయటపడుతుంది. బీహెచ్ సిరీస్ (రాష్ట్రాలు మారే ఉద్యోగుల కోసం తెచ్చిన నంబరు) బండి అయితే అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది కదా అని సంబరపడకూడదు. ఆ సిరీస్‌కు మీరు అర్హులు కాకపోతే మీ రాష్ట్ర పన్ను కట్టి మామూలు నంబరు తీసుకోవలసిందే.

కాగితాలు నిలిస్తే అప్పుడు బండి. ఇంజను గురించి మంచి డీజిల్ మెకానిక్‌కు తెలియనిది మనం కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ ఊళ్లోనే, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌ను కుదుర్చుకుని, ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేయించి చూడమనండి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను చాలా లోపాలు దాచేస్తుంది. నేను ఎక్కువ భయపడేది తుప్పుకు. పాడైన ఇంజనుకు మరమ్మతు ఉంది. కోసి పడేయవలసిన ఇనుముకు లేదు, ఉన్నా లోపలి చెక్క పని అంతా ఊడదీయాలి. కప్పు మీద ఫ్యానుకో, ఏసీకో, సోలార్ వైరుకో కోసిన ప్రతి రంధ్రం చుట్టూ చూడాలి. కొచ్చి, మంగళూరు, గోవా, విశాఖ వంటి సముద్ర తీరాల్లో తిరిగిన బండి అయితే తలుపుల కింది అంచులు, చక్రాల గూళ్లు, చాసిస్ అడుగు దగ్గరగా వీడియో తీయించాలి. కప్పు మీద పది నిమిషాలు పైపుతో నీళ్లు కొట్టించి, వెంటనే లోపల అరల మూలలు, పరుపు కింద తడిమి చూపించమనండి. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారుకు కారణం ఉంటుంది.

వరద నీటిలో మునిగిన బండ్ల ప్రమాదం మన దగ్గర ఎక్కువ. 2015లో చెన్నై, 2018లో కేరళ, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ మునిగాయి. మునిగిన బండి అని ఆర్‌సీలో ముద్ర వేసే పద్ధతి మనకు లేదు. అందుకే ఇన్సూరెన్స్ పాలసీని చదవాలి. ఏ క్లెయిమూ లేని ఏళ్లు గడిచేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఎనిమిదేళ్లుగా ఒకే యజమాని దగ్గర ఉన్న బండి పాలసీలో అది సున్నా అని ఉంటే, ముందటి ఏడాది క్లెయిమ్ జరిగిందేమో అడగాలి. పాలసీ మధ్యలో ఆగిపోయినా బోనస్ పోవచ్చు. అదైనా కారణం చెప్పగలగాలి. పాత పాలసీలన్నీ వరుసగా అడగడమే మంచిది. ఫాస్టాగ్ చరిత్ర కూడా చూపించమంటాను. ఏ టోల్ గేటు ఎప్పుడు దాటిందో అందులో ఉంటుంది. ‘‘ఏడాదికి రెండు ట్రిప్పులే’’ అన్న మాట నిజమో కాదో అక్కడ తేలిపోతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. అరుగుదల లేకపోయినా ఏళ్లు గడిచిన టైరుతో బరువైన వ్యాన్‌ను వేసవిలో హైవే ఎక్కించడం ప్రాణాలతో ఆట.

లోపలి ఇంటికి అమ్మేవారు వేసే విలువలో సగానికి మించి నేను ఇవ్వను. కారణం కరెంటు లెక్క. ‘‘సోలార్ మీద రాత్రంతా ఏసీ’’ అనే ప్రకటన నమ్మేముందు కాగితం తీసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు ఉంటాయి. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరుగుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సుమారు 1,280 ఇస్తుంది, దాదాపు అంతా వాడుకోవచ్చు. చిన్న ఏసీ సగటున 600 వాట్లు లాగినా, అలాంటి లిథియం బ్యాటరీ రెండు గంటలే వస్తుంది. రెంటచింతల వేసవిలో రాత్రి ఎనిమిది గంటల నిద్రకు 4,800 వాట్-అవర్లు కావాలి. కప్పు మీది 200 వాట్ల పలక మంచి ఎండ ఉన్న రోజు కూడా 1,000 వాట్-అవర్ల లోపే తిరిగి నింపుతుంది. అంటే ఆ ఏసీ పనిచేసేది బయటి కరెంటు తగిలించినప్పుడే. అది లోపం కాదు, కానీ దానికి ఎక్కువ ధర ఇవ్వనవసరం లేదు.

ప్రాణం మీదికి తెచ్చే విషయాలు రెండున్నాయి, వాటిలో మాత్రం రాజీ పడవద్దు. ఇళ్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి. పడుకునే గదిలో మంచం కింద మూసి పెట్టిన బ్యాటరీకి బయటికి గాలి మార్గం ఉండాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టిన అర కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. ఈ రెండూ లేని బండిని కొంటే, నడిపి తీసుకువచ్చేటప్పుడే సిలిండరు తీసేసి, బ్యాటరీ తీగలు విప్పి ఉంచడం అవసరం.

డబ్బు చెల్లింపు గురించి ఎంత జాగ్రత్త చెప్పినా తక్కువే. సైన్యంలో ఉన్నాననీ, బదిలీ అయిందనీ, బండి విమానాశ్రయంలో ఉందనీ చెప్పి ముందే ‘రవాణా ఖర్చు’ అడిగే మోసాలు మన నగరాల్లో ఎందరినో ముంచాయి. ముఖం, బండి, ఆర్‌సీ మూడూ ఒకే వీడియో కాల్‌లో చూపించలేనివారికి రూపాయి కూడా పంపకూడదు. ఆ కాల్‌లోనే చాసిస్ మీద చెక్కిన నంబరును చూపించి, మీ ముందే పెన్సిల్ ముద్ర తీయమనండి. ఎన్‌ఓసీకి ఎలాగూ అది కావాలి. అమ్మేది డీలరు అయితే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అతనికి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి, అది అడగండి. ఖాళీ ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు పెట్టించుకుని మూడు చేతులు మారిన బండ్లు చాలా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు.

చెల్లింపును విడగొట్టాలి. లిఖిత ఒప్పందం మీద చిన్న అడ్వాన్సు. ఎన్‌ఓసీ చేతికొచ్చి దాన్ని ఆన్‌లైన్‌లో సరిచూసుకున్నాక పెద్ద భాగం. బండి తాళం తీసుకునేటప్పుడు మిగతాది. బండి మీద అప్పు ఉంటే ఆ మేరకు డబ్బును యజమాని చేతికి కాకుండా నేరుగా అప్పు ఖాతాకు కట్టండి. అన్నీ బ్యాంకు ద్వారానే జరగాలి. రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు, రేపు గొడవ వస్తే నగదుకు సాక్ష్యమూ ఉండదు. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు వచ్చే అవకాశం ఉంటే, దాన్ని దరఖాస్తు చేయవలసింది అక్కడి నమోదిత యజమాని. ఆ డబ్బు ఎవరిదో ఒప్పందంలోనే రాసుకోవాలి.

బండిని తీసుకొచ్చే రోజు నాటికి ఇన్సూరెన్స్ గడువు ఉండాలి. యజమాని మారినా మూడో పక్షం రక్షణ కొత్త యజమానికి బదిలీ అయినట్టే చట్టం భావిస్తుంది. సొంత నష్టం భాగం కోసం మాత్రం 14 రోజుల్లో కంపెనీకి రాసి పాలసీని మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు. ఆ తేడా ప్రీమియం మీరే కట్టాలి. పాత ఫాస్టాగ్‌ను అమ్మినవారు మూసేయాలి, మీరు కొత్తది తీసుకోవాలి. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు 1,500 కిలోమీటర్లకు పైనే. తెలియని బండిని అంత దూరం ఒకే ఊపులో నడపకుండా, మొదటి వంద కిలోమీటర్ల తరువాత ఆగి చక్రాల హబ్బులు తాకి వేడి చూడండి, కింద నూనె చుక్కలు పడుతున్నాయేమో చూడండి. ఏదైనా తేడా ఉంటే ఇంకా అమ్మినవారి ఊరికి దగ్గరలోనే ఉంటారు, తిరిగి వెళ్లి మాట్లాడవచ్చు.